మేలు చేసి సంతోషిస్తే అది స్వార్థమా?

ప్రశ్న: నా వయసు 58 సంవత్సరాలు. ఉద్యోగ విరమణ తరువాత రెండేళ్లుగా మా చుట్టుపక్కల చదువు రానివారికి దరఖాస్తులు నింపి పెడుతున్నాను. ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడను నెలకోసారి ఆసుపత్రికి తీసుకువెళుతున్నాను. ఉద్యోగం మానిన కొత్తలో పట్టుకున్న దిగులు ఇప్పుడు లేదు, రాత్రిళ్లు నిద్ర కూడా బాగా పడుతోంది. ఇటీవల మా బంధువు ఒకరు, "నీ తృప్తి కోసం చేసుకుంటున్న పనికి సేవ అని పేరెందుకు?" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది. ఆయన అన్నది నిజమేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ బంధువు మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది మిమ్మల్ని అంతగా బాధపెట్టింది. ఆ సగాన్ని ముందుగా ఒప్పుకుందాం. పరులకు సాయపడేవారికి తప్పకుండా ఎంతో కొంత దక్కుతుంది. 2008లో ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో, కొందరికి ఉదయం 5 లేదా 20 డాలర్లు ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చు చేయమన్నారు. సగం మంది తమ కోసం, సగం మంది ఇతరుల కోసం ఖర్చు చేయాలి. ఇతరుల కోసం ఖర్చు చేసినవారే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. చేతికిచ్చిన మొత్తం ఎంతన్నది ఆ సంతోషంలో తేడా తేలేదు. ఇదే విషయం ముందుగా వేరేవారిని అడిగితే, సొంతానికి ఖర్చు పెట్టుకోవడమే ఎక్కువ ఆనందమని చాలామంది పొరపాటుగా అంచనా వేశారు.

మీరు చేస్తున్న పనికి ఇంకా దగ్గరగా వచ్చే అధ్యయనం 2003లో వెలువడింది. 423 వృద్ధ దంపతుల జంటలను అయిదేళ్లపాటు గమనించిన స్టెఫనీ బ్రౌన్ బృందం, బంధుమిత్రులకు, ఇరుగుపొరుగువారికి రాకపోకల్లోనూ ఇంటి పనుల్లోనూ తోడ్పడినవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని గుర్తించింది. సాయం పొందడంలో అటువంటి ప్రయోజనం కనిపించలేదు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ సాయం చేయగలరు కదా అన్న సందేహం న్యాయమైనదే. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఫలితం నిలిచింది. అయినా సాయం ఆయుష్షు పోస్తుందని దీన్నిబట్టి తేల్చి చెప్పలేము.

నా దృష్టిలో మీ దిగులు పోవడానికి కారణం ఇంకా సూటిగా ఉంది. ఉద్యోగం మానిన మనిషి జీతంతో పాటు తన కోసం ఎదురుచూసేవారిని కూడా పోగొట్టుకుంటాడు. ఇప్పుడు కాగితాలు పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడేవారు ఉన్నారు, ఆసుపత్రికి వెళ్లే రోజున మీ రాక కోసం చూసే ఒక పెద్దావిడ ఉన్నారు. ఎదుటివారి చిక్కు మీద మనసు పెట్టిన గంటసేపు మన చింత మనల్ని వదిలిపెడుతుంది. 1935 మే నెలలో, అమెరికాలోని ఆక్రన్ నగరంలో, తాగుడు మాని కొద్ది నెలలే అయిన బిల్ విల్సన్ వ్యాపారం దెబ్బతిని మళ్లీ మద్యం వైపు మనసు లాగుతున్నప్పుడు, తనలాంటి మరో బాధితుడి కోసం ఫోన్ మీద ఫోన్ చేసి వెతికాడు. అలా దొరికిన వైద్యుడు రాబర్ట్ స్మిత్‌కు తోడ్పడుతూ తానూ నిలదొక్కుకున్నాడు. ఆ కలయిక నుంచే, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడ్పడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం పుట్టింది. ఒకే రకమైన కష్టంలో ఉన్నవారిలో సాయం చేసేవారు కూడా కోలుకుంటారన్న గమనింపును 1965లో ఫ్రాంక్ రీస్‌మన్ అనే పరిశోధకుడు ఒక సూత్రంగా ప్రతిపాదించాడు.

ఇక మీ బంధువు పొరబడిన సగం. ప్రతిఫలం అందడం వేరు, ప్రతిఫలం కోసమే చేయడం వేరు. 2012లో సారా కొన్రాత్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఇతరుల కోసం స్వచ్ఛంద సేవ చేస్తున్నామన్నవారిలో మరణాల రేటు తక్కువగా ఉంది. తమ ప్రయోజనం కోసం చేస్తున్నామన్నవారికీ, అసలు సేవ చేయనివారికీ ఈ విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి సంతోషం కలిగినందుకు సిగ్గుపడకండి. అయితే ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ పెద్దావిడ ఒకరోజు, "ఇకనుంచి మా మనవడు తీసుకువెళతాడమ్మా" అంటే మీకు ముందుగా కలిగేది ఊరటా, చిన్నబుచ్చుకోవడమా? కాస్త చివుక్కుమనడం సహజమే, దాన్ని నేను తప్పుపట్టను. ఆ బాధతో ఆమెను మళ్లీ మీ మీద ఆధారపడేలా చేసుకోవాలని చూస్తే మాత్రం మీ బంధువు మాట నిజమవుతుంది. దరఖాస్తుల విషయంలోనూ అంతే. అడిగినవారికి పేరు, చిరునామా రాయడం నేర్పించండి. మీ దగ్గరకు వచ్చేవారు ఒక్కొక్కరే తగ్గవచ్చు, తగ్గనివ్వండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. తీరిక లేని ఉద్యోగం. నెలనెలా ఒక సేవాసంస్థకు డబ్బు పంపుతున్నాను. అందరూ చెప్పే తృప్తి నాకు ఎన్నడూ కలగలేదు. లోపం నాలోనే ఉందా? (ఒక పాఠకుడు)

జవాబు: లోపం మీలో లేదు. మీకూ ఆ డబ్బు అందుకునే మనిషికీ మధ్య దూరం ఎక్కువగా ఉంది. ఇచ్చినది ఎవరికి ఎలా ఉపయోగపడుతుందో తెలిసినప్పుడే దాతల సంతోషం పెరుగుతుందని 2013లో లారా ఆక్నిన్ బృందం చూపింది. ఆ డబ్బు ఏ పనికి వెళుతోందో సంస్థను అడగండి. వీలైతే వారానికి ఒక గంట ఎవరైనా ఒక పిల్లవాడికి లెక్కలు చెప్పండి. తీరిక లేదంటారేమో! 2012 నాటి ఒక పరిశోధనలో, ఇతరులకు కొంత సమయం ఇచ్చినవారు, అదే సమయాన్ని తమకు ఉంచుకున్నవారికంటే తమ దగ్గర ఎక్కువ సమయం ఉన్నట్టు భావించారు. మొదటి వారమే ఏదో కలగాలని ఎదురుచూడకండి. ఆ పిల్లవాడు తనకు అర్థం కాలేదని మీతో భయం లేకుండా చెప్పడానికే కొన్ని వారాలు పడుతుంది. నెలనెలా పంపే డబ్బును మాత్రం ఆపవద్దు. మీకు ఏమీ అనిపించకపోయినా, అందుకునేవారికి దాని అవసరం అలాగే ఉంది.