వైజాగ్‌లో రెండు రోజులు ఎలా గడపాలి?

డిసెంబర్, జనవరి నెలల్లో వెళ్లండి. మే నెలలో ఉక్కపోత మరీ ఎక్కువ.

మొదటి రోజు సాయంత్రం ఆర్కే బీచ్ చాలు. అక్కడే కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరైన అసలైన జలాంతర్గామి అది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఇరుకు దారిలో నడుస్తూ నావికుల పడకలు, టార్పెడోలు దగ్గర నుంచి చూడొచ్చు. పిల్లలుంటే అస్సలు మిస్ కావద్దు. సోమవారం సెలవు.

ఆర్కే బీచ్‌లో దయచేసి లోతుకు దిగకండి. అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి, ఈత వచ్చినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

రెండో రోజు పొద్దున్నే భీమిలి రోడ్డు పట్టుకోండి. రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. కొండ మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. చాలామంది ఇది వదిలేసి నేరుగా కైలాసగిరికి వెళ్లిపోతారు, నాకైతే బాధేస్తుంది. అక్కడ నీడ తక్కువ, నీళ్ల సీసా తీసుకెళ్లండి.

సింహాచలం వెళ్తారా? శనివారం రద్దీ ఎక్కువ, మామూలు రోజు చూసుకోండి. అరకును ఈ రెండు రోజుల్లో ఇరికించొద్దు, దానికి విడిగా ఒక రోజు కావాలి.