మూత్రంలో నురగా? సెన్సర్ తర్వాత, ముందు ఏసీఆర్ టెస్ట్

ప్రశ్న: నా వయసు 48. దేవరకొండ దగ్గర వ్యవసాయం చేస్తాను. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. కొన్ని నెలలుగా మూత్రంలో నురగ వస్తోంది. స్ట్రిప్‌తో చూస్తే ప్రొటీన్ ‘నిల్’ అని వచ్చింది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. నానో రంధ్రాల బయోసెన్సర్ చుక్క మూత్రంలోనే ప్రొటీన్‌ను పట్టేస్తుందని ఫోన్‌లో చూశాను. ఏది కొనాలి?

జవాబు: ఏదీ కొనకండి. ముందు ఆ నొప్పుల గోళీలు ఆపండి. షుగర్, బీపీ మందులు మాత్రం ఆపొద్దు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. షుగర్ ఉండి, ఎండలో పనిచేసి, నీళ్లు సరిగ్గా తాగనివాళ్లకు మరీ ప్రమాదం. ‘పారాసెటమాలే కదా’ అంటారు చాలామంది. షీటు తిప్పి చదవండి, చాలాసార్లు దాని పక్కనే ఎసిక్లోఫెనాక్ ఉంటుంది. కంపెనీ మారిస్తే మందు మారదు. నెలల తరబడి ఎవరినీ అడక్కుండా ఎలా వేసుకున్నారండీ?

నురగ వచ్చిన ప్రతిసారీ ప్రొటీన్ పోతున్నట్టు కాదు. స్ట్రిప్ ‘నిల్’ అన్నంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టూ కాదు. మామూలు స్ట్రిప్ కొద్దిపాటి ఆల్బుమిన్‌ను (రక్తంలో ఉండే ప్రొటీన్) పట్టలేదు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినడం చాలామందిలో మొదలయ్యేది ఆ కొద్దిపాటి లీకుతోనే.

ఇక మీరు చూసిన సెన్సర్. అల్యూమినా లేదా సిలికాన్ పలకలో పదుల నానోమీటర్ల (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటర్) వెడల్పున రంధ్రాలు చేసి, లోపలి గోడలకు ఆల్బుమిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు అంటిస్తారు. ఆల్బుమిన్ వచ్చి అతుక్కుంటే దారి ఇరుకై, లవణాలు మోసే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలే లెక్క. ల్యాబ్‌లో శుభ్రమైన ద్రావణంలో బాగానే పనిచేస్తుంది. మూత్రంలో చిక్కులొస్తాయి. ఉప్పు శాతం పూటపూటకూ మారుతుంది, దాంతోనే కరెంటు మారిపోతుంది. వేరే ప్రొటీన్లూ గోడలకు అంటుకుంటాయి. యాంటీబాడీయే పది నానోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి, రంధ్రం మరీ సన్నగా ఉంటే అదే దారి మూసేస్తుంది. ఇవన్నీ దాటి అంకె సరిగ్గా వచ్చినా, ఆల్బుమిన్ ఒక్కటే కొలిస్తే చాలదు. రెండు చెంబుల నీళ్లు ఎక్కువ తాగితే ఆ అంకె పడిపోతుంది.

అందుకే దాన్ని క్రియాటినిన్‌తో (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం) పోల్చే ఏసీఆర్, అంటే ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అడుగుతాం. పొద్దున లేవగానే వచ్చే మూత్రం, మొదటి ధార వదిలేసి మధ్యది డబ్బాలో పట్టండి. జ్వరం, మూత్రంలో మంట ఉన్నప్పుడు, బరువు పని చేసిన మర్నాడు వద్దు. గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు సాధారణం, 30 నుంచి 300 తొలి హెచ్చరిక. ఒక్క రిపోర్టుతో తేల్చం. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేసి, రెండుసార్లు ఎక్కువొస్తేనే నిర్ధారిస్తాం. దీంతోపాటు సీరం (రక్తంలోని) క్రియాటినిన్, దాన్నిబట్టి కిడ్నీ వడపోతను లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, బీపీ చూపించుకోండి.

మోకాళ్ల సంగతి చూడకుండా చెప్పలేను. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతోనూ కీళ్ల నొప్పులు రావచ్చు, బోరు నీళ్లు తాగినవాళ్లైతే ఆ విషయం డాక్టర్‌కు చెప్పండి. కాళ్లు, మొహం వాచినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా రిపోర్టుల కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన గోళీల షీట్లన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.