10,000 ల్యూమెన్ల టార్చ్, 1,000 ల్యూమెన్ల దాని ముందు ఎందుకు వెలవెలబోతుంది?

మీరు అడిగినవి రెండు. డబ్బా మీద 10,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసున్న టార్చ్, 1,000 ల్యూమెన్ల టార్చ్ పక్కన పెడితే ఎందుకు మసకగా ఉంది? ఇంట్లోకి, రాత్రి నడకకి అసలు ఎంత వెలుగు సరిపోతుంది? మొదటిదానికి జవాబు బ్యాటరీలోనే ఉంది, లెక్క కట్టి చూద్దాం.

ఇలాంటి టార్చ్‌లలో ఎక్కువగా ఉండేది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరు అందుకే అలా వచ్చింది. బాగా మంచి సెల్ అయితే 3,500 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే ఛార్జ్ కొలత), 3.6 వోల్టులు. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 12.6 వాట్-అవర్లు, సెల్‌లో ఉన్న మొత్తం శక్తి అదే. మంచి టార్చ్ వాటుకి 100 ల్యూమెన్ల చొప్పున బయటికి ఇస్తుందనుకోండి. 1,000 ల్యూమెన్లకి 10 వాట్లు కావాలి, సెల్ గంటంబావు వస్తుంది. 10,000కి 100 వాట్లు కావాలి, అంటే సెల్ నుంచి దాదాపు 28 ఆంపియర్లు లాగాలి. 3,500 ఎంఏహెచ్ సెల్‌లు ఆగకుండా ఇవ్వగలిగేది 8 నుంచి 10 ఆంపియర్లే. పైగా అంత వేడి పుట్టే గొట్టాన్ని ఎవరూ చేత్తో పట్టుకోలేరు. కాబట్టి ఒకే సెల్ ఉన్న చిన్న టార్చ్ మీద 10,000 అని కనిపిస్తే అది అచ్చేసిన అంకె మాత్రమే. సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసినా అంతే, 18650 సైజులో అలాంటి సెల్ లేదు. అనుమానంగా ఉంటే తూకం వేయండి. అసలు సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 30 గ్రాముల దగ్గర ఆగిపోయిందంటే లోపల సరుకు లేనట్టే.

నిజాయితీగా కొలిచే కంపెనీలు ఎఫ్ఎల్1 అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. అది 2009లో వచ్చింది. టార్చ్ వెలిగించాక 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలిచిన వెలుగునే ల్యూమెన్లుగా రాయాలి. ఎంతసేపు వెలుగుతుందనేది మాత్రం, వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కపెడతారు. మెలిక ఇక్కడే ఉంది. "1,000 ల్యూమెన్లు, 2 గంటలు" అని ఉంటే రెండు గంటలూ 1,000 వస్తుందని కాదు. మూడో నిమిషానికే వేడెక్కి 350కి దిగి, మిగతా సమయమంతా అక్కడే ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. నన్నడిగితే డబ్బా మీద అంకె కన్నా, నిమిషాల వారీగా వెలుగు ఎలా తగ్గుతుందో చూపించే గ్రాఫ్ ముఖ్యం. గీత ఒక మెట్టు దిగి తర్వాత బల్లపరుపుగా సాగితే లోపల మంచి డ్రైవర్ (ఎల్‌ఈడీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే సర్క్యూట్) ఉన్నట్టు. మొదటినుంచీ ఏటవాలుగా జారిపోతుంటే బ్యాటరీ తగ్గేకొద్దీ వెలుగూ తగ్గుతుంది.

ల్యూమెన్లంటే టార్చ్ నుంచి వచ్చే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతుందో చెప్పేది కాండెలా. నీళ్ళ గొట్టం మూతి వేలితో నొక్కితే నీళ్ళు పెరగవు, దూరం మాత్రం చిమ్ముతాయి. ఇదీ అలాగే. కాండెలా అంకెకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే డబ్బా మీద రాసే దూరం వస్తుంది. 10,000 కాండెలా అంటే 200 మీటర్లు. కానీ ఆ చివరన పడేది 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత), ఇంచుమించు పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఆకారం కనిపిస్తుందేమో గానీ ముఖం పోల్చలేరు. పనికొచ్చే దూరం అందులో మూడో వంతు అనుకోండి.

వెలుగు రెట్టింపు అయినట్టు కంటికి అనిపించాలంటే ల్యూమెన్లు దాదాపు నాలుగు రెట్లు పెరగాలి. అందుకే 1,000కీ 1,200కీ తేడా కోసం డబ్బు ఎక్కువ పెట్టొద్దు, చూస్తే తెలియదు.

ఎంత సరిపోతుందంటే, అర్ధరాత్రి నిద్రలేచి గదిలో నడవడానికి 1 ల్యూమెన్ చాలు, చీకటికి అలవాటు పడ్డ కళ్ళు చెదరవు. దగ్గరి పనికి, చదవడానికి 10 నుంచి 30. కరెంటు పోతే టార్చ్‌ని సీలింగ్ వైపు నిలబెట్టి 100 నుంచి 150లో పెడితే గదంతా వెలుతురు పరుచుకుంటుంది. కాలిబాట మీద నడకకి 50 నుంచి 150. ఎగుడుదిగుడు నేల, పొదలు ఉంటే 300 నుంచి 500. ఆ పైన ఉన్నదంతా, ఏదైనా శబ్దం వినపడితే అర నిమిషం వేసి చూసుకోవడానికే. అత్యంత తక్కువ మోడ్ ఎంతో చెప్పని టార్చ్‌ని నేను కొనమనను, రోజూ వాడేది అదే.

కొన్నాక పరీక్షించాలంటే ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. చీకటి గదిలో టార్చ్‌ని నేల మీద నిటారుగా పెట్టి, ఫోన్ సెన్సర్ పైకి ఉండేలా ఒక మీటరు దూరంలో ఉంచండి. 30వ సెకను, 2, 5, 10 నిమిషాల దగ్గర అంకె రాసుకోండి. ఇంకో టార్చ్‌ని అదే చోట పెట్టి పోల్చండి. ఫోన్ ఖచ్చితంగా కొలవదు, కానీ ఏది ఎక్కువ, ఏది ఎంత త్వరగా పడిపోతోంది అనేది స్పష్టంగా తెలుస్తుంది. దూరం పోయే గుణం చూడాలంటే 5 మీటర్ల నుంచి సూటిగా ఫోన్ మీదికి వేసి, వచ్చిన లక్స్‌ని 25తో గుణించండి, అదే కాండెలా.

తల ముందుకి లాగితే జూమ్ అయ్యే టార్చ్‌లు నాకు నచ్చవు. జూమ్ చేసినప్పుడు గోడ మీద ఎల్‌ఈడీ చదరపు ఆకారం అచ్చుగుద్దినట్టు పడుతుంది చూడండి, మిగతా వెలుగు చాలావరకు గొట్టం గోడలకి తగిలి వృథా అవుతోంది. ఆ జారే సందులోంచి నీళ్ళూ పోతాయి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని, వర్షానికి ఐపీఎక్స్4 చాలు.

రంగు విషయానికొస్తే 6,500 కెల్విన్ నీలిగా ఉంటుంది, 4,000 నుంచి 5,000 కంటికి హాయి. వైర్ల రంగులు, దెబ్బ తగిలిన చర్మం చూడాల్సిన పని ఉంటే సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి, కొంచెం వెలుగు తగ్గినా సరే.

డబుల్ ఏ సెల్ టార్చ్ అయితే ఒక జాగ్రత్త. 14500 అనే లిథియం సెల్ అచ్చం అదే సైజులో ఉంటుంది గానీ నిండుగా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. టార్చ్ దానికి తగ్గట్టు చేసింది కాకపోతే డ్రైవర్ మాడిపోతుంది. అత్యవసరం కోసం అల్మరాలో నెలల తరబడి దాచే టార్చ్‌లో ఆల్కలైన్ సెల్‌లు వదిలేయొద్దు, కారి స్ప్రింగు తినేస్తాయి. ఛార్జ్ నిలబెట్టుకునే రకం ఎన్ఐఎంహెచ్ సెల్‌లు (మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునేవి) మేలు.

మిణుకు మిణుకుమంటుంటే ముందు మూత మరలు చూడండి. ఎక్కువసార్లు అక్కడి మురికే కారణం. స్పిరిట్‌లో ముంచిన దూదితో మరలూ, గొట్టం అంచూ తుడిచి, రబ్బరు రింగుకి చుక్కంత సిలికాన్ గ్రీజు రాయండి. వాజలిన్, వంటనూనె వద్దు, రబ్బరు ఉబ్బి మూత బిగుసుకుపోతుంది. అప్పటికీ మిణుకుతుంటే సెల్ తీసి, వెనక స్విచ్‌ని పట్టి ఉంచే లోపలి రింగు వదులైందేమో చూసి బిగించండి. సెల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు చిరిగి లోహం కనిపిస్తుంటే దాన్ని మళ్ళీ టార్చ్‌లో వేయకండి. ఆ లోహం మొత్తం నెగటివ్, పైన పాజిటివ్ అంచుకి తగిలితే షార్ట్ అవుతుంది.