స్టీల్ డిజైన్‌లో ఎం.టెక్: అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది జీడిమెట్ల. చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది, పాతికేళ్లుగా షెడ్లు వేస్తున్నాను. మా అమ్మాయి బి.టెక్ సివిల్ మూడో సంవత్సరం. స్టీల్ స్ట్రక్చర్స్‌లో ఎం.టెక్ చేస్తానంటోంది. డిజైనంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది కదా, అమీర్‌పేటలో స్టాడ్ (స్ట్రక్చర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) కోర్సు చేయిస్తే సరిపోదా? రెండేళ్లు దండగవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు ఇనుముతో పాతికేళ్ల పరిచయం ఉంది కాబట్టి మీ షాపులోంచే మొదలుపెడతాను. మీటరు పొడవున్న సన్నని ఫ్లాట్ పట్టీని రెండు చివర్లా పట్టుకుని లాగండి, ఏమీ కాదు. దాన్నే నేల మీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి, విల్లులా వంగిపోతుంది. ఇనుము మారలేదు. నొక్కుడు పడేసరికి పక్కకు తప్పుకుంది, అంతే. దీన్నే బక్లింగ్ అంటారు. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న సబ్జెక్టులో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక లెక్క చెబుతాను. 4 మీటర్ల ఎత్తున ఐఎస్‌ఎంబీ 300 గర్డర్‌ని (300 మిల్లీమీటర్ల లోతున్న ఐ ఆకారపు దూలం) స్తంభంగా నిలబెట్టాం, పైనా కిందా పిన్ జాయింట్లే (తిరగనిచ్చే అతుకులు) అనుకుందాం. మామూలు 250 గ్రేడ్ స్టీల్ అయితే, మన స్టీల్ డిజైన్ కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారం అది మోయగలిగేది సుమారు 40 టన్నులు. అదే స్తంభాన్ని నడిమధ్యలో, సన్నగా ఉన్న దిశలో కదలకుండా బ్రేసింగ్‌తో గట్టిగా పట్టి ఉంచితే 90 టన్నులు దాటుతుంది. గర్డర్ బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. ఆ బ్రేసింగ్ నిజంగా స్తంభాన్ని పట్టి ఉంచుతోందో లేదో స్టాడ్‌కి తెలియదు. పట్టులేని పొడవు, అంటే పక్కకు ఆపేది ఏదీ లేని పొడవు, ఎంతో మనమే చెప్పాలి, చెప్పకపోతే మోడల్‌లో గీసిన ముక్క పొడవునే తీసుకుంటుంది. ఆ ఒక్క అంకె తప్పితే 40 టన్నుల స్తంభానికి 90 టన్నులని పాస్ చేసేస్తుంది. కోర్సులో బటన్లు నేర్పుతారు. ఆ అంకె ఎందుకు అంతే ఉండాలో తెలియాలంటే చదువు కావాలి.

మీరు రాఫ్టర్ (కప్పు దూలం) కింది ఫ్లాంజ్ (అంచు పట్టీ) నుంచి పర్లిన్‌కి (రేకుల్ని మోసే అడ్డ కమ్మీకి) వేసే చిన్న యాంగిల్ ముక్కలున్నాయి చూడండి, ఫ్లై బ్రేసింగ్. నేను డిజైన్ ఆఫీసులో ఉన్న రోజుల్లో ఒక సైట్‌లో వాటిని అనవసరమని వదిలేశారు. మామూలు బరువుకి రాఫ్టర్ నడుమ పై ఫ్లాంజ్ మీద నొక్కుడు పడుతుంది, దాన్ని పర్లిన్లు పట్టుకుంటాయి. గాలి రేకుల్ని పైకి లాగినప్పుడు ఆ నొక్కుడు కింది ఫ్లాంజ్‌కి మారుతుంది. అక్కడ పట్టుకునేది ఆ చిన్న యాంగిలే. అది లేకపోతే రాఫ్టర్ పక్కకు మెలి తిరుగుతుంది. అదృష్టం బాగుండి తనిఖీలో దొరికింది, అన్నీ మళ్లీ వేయించాం. పైగా గాలి అన్ని ఊళ్లలో ఒకటి కాదు. గాలి లెక్కల కోడ్‌లో హైదరాబాద్‌కి బేసిక్ విండ్ స్పీడ్ (డిజైన్‌కి మొదట తీసుకునే గాలి వేగం) సెకనుకు 44 మీటర్లు, విశాఖకి 50. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే షెడ్డు మీద అక్కడ 29 శాతం ఎక్కువ పడుతుంది.

ఈ పాఠం ప్రపంచం చాలా ఖరీదుగా నేర్చుకుంది. కెనడాలో కడుతుండగానే క్యూబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. నొక్కుడు పడే కింది కార్డ్‌లను (వంతెన కింది అంచు వెంట సాగే ప్రధాన ముక్కలు) కలిపి ఉంచాల్సిన లాటిస్ పట్టీలు బలహీనం. వంతెన సొంత బరువును కూడా తక్కువగా లెక్కేశారు. ఆ కార్డ్‌లు వంగుతున్నాయని ముందే గమనించినా పని ఆపలేదు. స్టీల్ డిజైన్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఈ కథ తెలుసుకోవాలని నా కోరిక.

కాబట్టి నా మాట, పంపండి. గేట్ మూడో సంవత్సరంలోనే రాయొచ్చు. ఎన్‌ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ లాంటి చోట సీటు వస్తే గేట్ స్కోరు మీద నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. మీ మీద భారం పెద్దగా పడదు. అక్కడ బీమ్-కాలమ్‌లు (వంపూ నొక్కుడూ రెండూ మోసేవి), టార్షన్ (మెలి), ప్లేట్ గర్డర్లు (ప్లేట్లు అతికి చేసే పెద్ద దూలాలు), మీరు వాడే జెడ్ పర్లిన్ల లాంటి పల్చని సెక్షన్లు లోతుగా చెబుతారు. ఏ కాలేజీ అని మాత్రమే కాదు, అక్కడ స్టీల్ మీద పనిచేసే ప్రొఫెసర్ ఉన్నారా అన్నది కూడా చూడమనండి. చాలాచోట్ల స్ట్రక్చర్స్ ఎం.టెక్ అంటే కాంక్రీటే ఎక్కువ.

ఉద్యోగాలు ప్రీ ఇంజనీర్డ్ బిల్డింగ్ కంపెనీల్లో, ట్రాన్స్‌మిషన్ టవర్లలో, ఫ్యాక్టరీ, వంతెన పనుల్లో ఉంటాయి. టెక్లా సాఫ్ట్‌వేర్‌లో డీటెయిలింగ్‌లోనూ అవకాశాలున్నాయి, కానీ అది డ్రాయింగ్ పని, డిజైన్ వేరు. మొదటి రెండు మూడేళ్లు జీతం ఐటీకి వెళ్లిన స్నేహితుల కంటే తక్కువే ఉండొచ్చు. ఈ విషయం అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇష్టం ఎంత గట్టిదో తెలియాలంటే, ఈ ఆదివారం మీరు వేస్తున్న షెడ్డు దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్లై బ్రేసింగ్ ఎక్కడెక్కడ కావాలో సుద్దముక్కతో తననే గుర్తుపెట్టమనండి. ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే గేట్ ఫారం నింపించండి. చెప్పలేకపోతే ఐఎస్ 800 తెరిచి వెతకమని ఇంకో వారం టైమివ్వండి.