సరిహద్దు బస్సులో సంచి పోతే ఏ ఠాణాకు వెళ్లాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా. తాతల నాటి నుంచి ఇక్కడే బట్టల కొట్టు నడుపుకుంటున్నాం. ఈ మధ్య 68 ఏళ్ల మా అమ్మతో పార్వతీపురం వైపు బంధువుల పెళ్లికి వెళ్లి బస్సులో తిరిగి వస్తుంటే, సీటు కింద పెట్టిన సంచిని ఎవరో ఎత్తుకుపోయారు. అందులో 18 వేల రూపాయల ఫోను, మా అమ్మాయి మార్కుల జాబితాలు, నా ఆధార్ కార్డు ఉన్నాయి. కూనేరు దగ్గర సంచి చూసినట్టు అమ్మకు గుర్తుంది, ఆ తర్వాత సంగతి తెలియదు. ఇక్కడి ఠాణాలో ‘ఆంధ్రలో పోయి ఉంటుంది, అక్కడికే వెళ్లండి’ అన్నారు. అక్కడికి వెళితే ‘దిగింది ఒడిశాలో కదా’ అన్నారు. చివరికి ఇక్కడి వాళ్లే ‘సంచి పోయిందని రాసివ్వండి, డైరీలో ఎక్కిస్తాం, మీ అమ్మగారిని కూడా తీసుకురండి’ అంటున్నారు. పోలీసు శాఖ దేశమంతటికీ ఒకటే కదా, మమ్మల్ని ఇలా తిప్పవచ్చా? ఇంకొకటి: మా అమ్మాయి పాస్‌పోర్టు విచారణకు వచ్చిన వ్యక్తి ఖర్చులకని డబ్బు అడిగారు. ఇవ్వాలా?

జవాబు: ముందుగా మీ అపోహ ఒకటి తీర్చాలి. పోలీసు శాఖ దేశమంతటికీ ఒకటి కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుకే ఒడిశా ఠాణాలో అధికారిని ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జి) అంటారు, సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళితే సీఐ, ఎస్సై అంటారు. అయితే వాళ్లందరూ అమలు చేయాల్సిన చట్టం మాత్రం ఒకటే. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత రాయగడలో ఎంతో పార్వతీపురంలోనూ అంతే. హద్దులు ఉన్నది పోలీసుల పని పంపకానికి. ఆ హద్దు పేరు చెప్పి ఫిర్యాదుదారుణ్ణి గుమ్మం నుంచి తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు.

ఆ సంహిత 173వ సెక్షన్ చూడండి. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం గురించిన సమాచారాన్ని, ఆ నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే, ఠాణాలో ఇవ్వవచ్చని స్పష్టంగా రాసి ఉంది. ఆ నేరం తమ పరిధిలోది కాదని తేలితే ఠాణావారు సున్నా నంబరుతో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత ఠాణాకు పంపుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. కాగితాన్ని మోసుకుపోవాల్సిన బాధ్యత వాళ్లది, మీది కాదు.

నిజానికి మీ విషయంలో సున్నా నంబరు అవసరం కూడా లేదని నా అభిప్రాయం. ప్రయాణంలో ఉన్న మనిషి మీదగానీ వస్తువు విషయంలోగానీ నేరం జరిగితే, ఆ ప్రయాణంలో ఆ మనిషి లేదా వస్తువు ఏ కోర్టుల పరిధి గుండా వెళ్లారో, ఏ పరిధిలోకి వచ్చారో, ఆ కోర్టుల్లో ఏదైనా విచారించవచ్చని 203వ సెక్షన్ చెబుతోంది. మీరు ప్రయాణం ముగించింది రాయగడ జిల్లాలో. కాబట్టి మీ ఊరి ఠాణా మామూలు నంబరుతోనే కేసు కట్టవచ్చు. కూనేరు ఆంధ్ర చివరి అంచున ఉంది. అక్కడ సంచి ఉందని మీ అమ్మగారు చెప్పడం వల్ల ఇటువైపే దొంగతనం జరిగి ఉండే అవకాశం ఇంకా బలపడుతుంది. ఫిర్యాదులో ఈ మాట తప్పక రాయండి. బస్సు టికెట్టు ఉంటే నకలు జతచేయండి.

ఇక డైరీలో ఎక్కించే సంగతి. దీనికి మాత్రం ఒప్పుకోవద్దు. వస్తువు ఎక్కడో జారిపోతే ఠాణా డైరీలో నమోదు చేసి ఒక నకలు ఇస్తారు, అంతటితో సరి. దొంగను వెతకాల్సిన పని ఉండదు. మీ సంచిని ఎవరో ఎత్తుకుపోయారు. అది పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడదగిన దొంగతనం. ఠాణావారు చెప్పినట్టు ‘పోయింది’ అని మీరే రాసిచ్చి సంతకం పెడితే, రేపు ఆ ఫోను ఎవరి దగ్గరైనా దొరికినా మీ కాగితమే మీకు అడ్డం వస్తుంది. ఫోను ధర కూడా బిల్లుతో సహా రాయండి. అయిదు వేల రూపాయల లోపు చిన్న దొంగతనాలను కొత్త చట్టం తేలిక నేరాల కింద వేరుచేసింది. వాటిని మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. మీ ఫోను విలువ ఆ గీత పైనే ఉంది, ఆ సంగతి కాగితం మీద కనిపించాలి.

‘ముందు విచారించి చూస్తాం’ అని ఐఐసీ అంటే అది పూర్తిగా తప్పు కాదు. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరపవచ్చు. కానీ అది 14 రోజుల్లో ముగియాలి. ఏ తేదీన మొదలుపెట్టారో అడిగి రాసుకోండి.

ఫిర్యాదు నోటిమాటగా చెప్పినా వాళ్లు రాసి, మీకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఇది మన తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, ఎక్కడ చూసినా ఒడియా ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్లు చాలామంది ఆ లిపి చదవలేరు. మొహమాటపడి, చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఆ అలవాటు వల్ల నష్టపోయిన కుటుంబాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. చదివి వినిపించమని అడగడం అమర్యాద కాదు, మీ హక్కు. వీలైతే బడిలో ఒడియా చదువుకున్న మీ పిల్లల్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. కేసు కట్టాక 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాలి.

అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ఇలాంటి నేరాల సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. వకీలును పెట్టుకునే స్తోమత లేని పాఠకులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సహాయం దొరుకుతుంది.

మీ అమ్మగారిని ఠాణాకు తీసుకెళ్లనవసరం లేదు. సాక్షిగా స్త్రీలను, 60 ఏళ్లు దాటిన పురుషులను వాళ్ల ఇంటి వద్దనే విచారించాలని 179వ సెక్షన్ ఆదేశం. తనకు తానుగా వస్తానంటే రావచ్చు, రమ్మని ఒత్తిడి చేయకూడదు. ఈ వయసులో ఆమెను ఠాణా బెంచీ మీద గంటల తరబడి కూర్చోబెట్టే పరిస్థితి రానివ్వకండి.

ఫోను విషయంలో ఆలస్యం వద్దు. మొదట పాత నంబరుతోనే కొత్త సిమ్ తీసుకోండి. ఫిర్యాదు నకలు చేతికి రాగానే కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు ఇచ్చి ఫోనును బ్లాక్ చేయించండి. ఆ పదిహేను అంకెలు ఫోను డబ్బా మీదో బిల్లు మీదో ఉంటాయి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. మార్కుల జాబితాల నకళ్లకు బోర్డు ఎఫ్ఐఆర్ అడగవచ్చు, అందుకే ప్రతి జాబితా పేరు, సంవత్సరం ఫిర్యాదులోనే రాయించండి.

పాస్‌పోర్టు డబ్బు సంగతి. ఇవ్వకండి. పోలీసు విచారణకు దరఖాస్తుదారు విడిగా కట్టాల్సిన రుసుము ఏదీ లేదు. దరఖాస్తులో రాసిన చిరునామాకే పోలీసులు వస్తారు. మీ అమ్మాయి ఆ ఇంట్లో ఉండి అసలు పత్రాలు చూపిస్తే చాలు. మళ్లీ అడిగితే ఒడిశా విజిలెన్స్ వారికి 1064లో చెప్పండి. ఒకవేళ బలవంతం మీద ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే, ఇచ్చిన నాటి నుంచి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. ఆ గడువులోగా చెప్పినవారికే దాని నుంచి రక్షణ ఉంది.