డీఎన్‌ఏ రిపేర్ చదువుతానంటున్న బైపీసీ అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కు పంపుదామంటే ససేమిరా అంటోంది. ఎండవల్లా, రసాయనాలవల్లా దెబ్బతిన్న డీఎన్‌ఏను మన కణాలు ఎలా బాగుచేసుకుంటాయో అదే చదువుతుందట. అలాంటి కోర్సు ఉందా? చదివితే ఉద్యోగం వస్తుందా? – ఒక తల్లి, అనంతపురం

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండమ్మా, దొరకదు. అది పీహెచ్‌డీలో పట్టుకునే అంశం. ఇప్పుడు చూడాల్సింది అక్కడిదాకా తీసుకెళ్లే డిగ్రీ. ఏ డిగ్రీ అన్నది తేలాలంటే మీ పాప దేని గురించి మాట్లాడుతోందో మీకూ కాస్త తెలియాలి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మకణాల డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లు (డీఎన్‌ఏను రాసే నాలుగు అక్షరాల్లో ఒకటి) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ డీఎన్‌ఏ జంటపోగు వంకర తిరుగుతుంది. సిగరెట్ పొగలోని బెంజోపైరీన్, బూజు పట్టిన వేరుశనక్కాయల్లో ఉండే అఫ్లటాక్సిన్ ఒంట్లోకి వెళ్లాక రూపం మార్చుకుని గ్వానిన్ అనే మరో అక్షరాన్ని పట్టుకుంటాయి. దెబ్బ వేరు, కొట్టింది వేరు. అయినా ఎక్కువగా బాగుచేసేది ఒకే బృందం. ఎక్స్‌పీసీ అనే ప్రొటీన్ ముందుగా పసిగట్టేది దెబ్బను కాదు, వంకరను. తర్వాత ఇంకో ప్రొటీన్ల గుంపు వచ్చి ఆ చోట రెండు పోగుల్నీ విడదీస్తుంది. రెండు ఎంజైములు చెరోవైపు కోసి, దెబ్బతిన్న పోగులోంచి సుమారు 30 అక్షరాల ముక్కను తీసేస్తాయి. బాగున్న ఎదుటి పోగును చూసి ఆ ఖాళీని పూరిస్తుంది పాలిమరేజ్. చివర్లో లైగేజ్ అతికిస్తుంది. పుట్టుకతోనే ఈ ఏర్పాటు పనిచేయని పిల్లలకు వచ్చే జబ్బు జీరోడెర్మా పిగ్మెంటోజమ్. వాళ్లకు కొద్దిపాటి ఎండా ప్రమాదమే, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. లోపం మరమ్మతులోనే ఉందని జేమ్స్ క్లీవర్ 1968లో చూపించారు.

పైన చెప్పిందాంట్లో బోటనీ, జువాలజీ కంటే కెమిస్ట్రీయే ఎక్కువ, చూశారా? అందుకే కెమిస్ట్రీ గట్టిగా చెప్పే డిగ్రీ చూడమంటాను. బీఎస్సీ బయోటెక్నాలజీ అన్న బోర్డు చూసి చాలామంది చేరిపోతారు. మూడేళ్లూ థియరీతోనే గడిపేసే కాలేజీలకు కొదవ లేదు. ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమని అడగండి. డీఎన్‌ఏకు కాపీలు తీసే పీసీఆర్ మెషీన్ మీద కప్పిన గుడ్డ తీసి ఎన్నాళ్లయిందో అక్కడి పిల్లల్నే అడగండి, నిజం చెప్తారు.

మీకు దగ్గర్లోనే తిరుపతి ఐసర్ ఉంది, సైన్స్ డిగ్రీ చెప్పే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ. ప్రవేశ పరీక్ష ఐఏటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ సమానంగా అడుగుతారు. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ అనగానే వెనకడుగు వేస్తారు. ఆ ఒక్క సబ్జెక్టు కోసం ఈ దారి వదులుకోవద్దు, ఈసారి రాకపోతే వచ్చే ఏడాది రాయొచ్చు. లేదంటే మంచి కాలేజీలో కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చేసి, సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోట ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అర్హత వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్ డాక్, అంటే ఇంకో ల్యాబ్‌లో కొన్నేళ్ల తాత్కాలిక పరిశోధన. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటొచ్చు. పెళ్లి మాట ఎత్తాలనుకుంటే ఈ లెక్క ఇప్పుడే తెలుసుకోండి, మధ్యలో గొడవలు ఉండవు.

ఎమ్మెస్సీతో ఆగినా ఇదే చదువు తిండి పెడుతుంది. ఏ కొత్త మందునైనా జనానికి ఇచ్చేముందు అది డీఎన్‌ఏను పాడుచేస్తుందేమో పరీక్షించాలి. ఎక్కువగా మొదట చేసేది ఏమ్స్ టెస్ట్. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను, అది దాదాపు లేని ప్లేటులో పోసి మందు కలుపుతారు. మందువల్ల ఉత్పరివర్తన (మ్యుటేషన్) జరిగితే కొన్ని ఆ శక్తిని తిరిగి తెచ్చుకుని చుక్కల్లా పెరుగుతాయి, వాటిని లెక్కపెడతారు. మీ పాపకు నచ్చే సంగతి ఒకటుంది. ఈ పరీక్షకు వాడే మామూలు రకాల్లో డీఎన్‌ఏ బాగుచేసే యూవీఆర్‌బీ జీన్‌ను ముందే తీసేసి ఉంచుతారు. లేకపోతే అవి దెబ్బను సర్దేసుకుంటాయి, మనకు కనబడదు. ఇలాంటి పని మందుల కంపెనీల్లోనూ, వాటికోసం పరీక్షలు చేసిపెట్టే ల్యాబుల్లోనూ దొరుకుతుంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేలా ఉండదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మీరు వేరుశనగ జిల్లావాళ్లు కాబట్టి ఇంకో మాట: కాయల్లో అఫ్లటాక్సిన్ మీద పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో చాలాకాలంగా పరిశోధన జరుగుతోంది.

డాక్టరు కాకపోతే ఎలా అని మీకు దిగులుగా ఉన్నట్టుంది. ఈ కోసి పూరించే పద్ధతిని విడమరచినందుకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న అజీజ్ సాన్‌కార్ టర్కీలో ఎంబీబీఎస్‌లాంటి చదువు చదివి, ఊళ్లో వైద్యం చేసి, దాన్ని వదిలి అమెరికా వెళ్లి పీహెచ్‌డీ చేశారు. పోస్ట్ డాక్‌కు పెట్టిన దరఖాస్తులు మూడుచోట్ల తిరగ్గొట్టారు. పరిశోధన ఆగకూడదని అక్కడి యేల్ యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరారు. బ్యాక్టీరియా తన డీఎన్‌ఏలో 12, 13 అక్షరాల ముక్కను కోసి తీసేస్తుందని తేల్చిన పరిశోధన మొదలైంది అక్కడే. అందరికీ నోబెల్ రాదు గానీ, ఈ రంగంలో అలాంటి తిరస్కారాలు మాత్రం అందరికీ వస్తాయి. ఆ సంగతి పాపకు ఇప్పుడే చెప్పండి.

లాంగ్ టర్మ్ విషయం: ఇష్టం లేని పిల్లను హాస్టల్లో పెట్టి ఏడాది చదివించడం నాకు సమ్మతం కాదు. తనంతట తాను ఇంకోసారి నీట్ రాస్తానంటే వేరే సంగతి. ఈలోగా ఏదైనా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో నాలుగు రోజులు కూర్చోబెట్టగలరేమో కనుక్కోండి. ద్రవాల్ని కొలిచి పోసే పైపెట్ పట్టుకుని చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం విసుగనిపించకపోతే, వెంటనే ఐఏటీ నోటిఫికేషన్ తేదీలు చూడండి.