సీతాఫలం పూతలో కనిపించేవి శత్రువులు కావు

ప్రశ్న: మాకు మూడెకరాల చెల్కలో ఆరేళ్ల బాలానగర్ సీతాఫలం తోట ఉంది. ఏప్రిల్ నుంచి పూత బాగానే వస్తోంది, పిందె మాత్రం నిలవడం లేదు. నిలిచిన కొన్ని కూడా ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క కుంగి వంకరగా ఉన్నాయి. పువ్వు విప్పితే లోపల నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు ఉన్నాయి. అవే పూత తింటున్నాయని చెప్పి మందుల దుకాణంలో ప్రొఫెనోఫాస్, పూత నిలబెట్టే హార్మోన్ మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టాం, ఫలితం లేదు. ఇప్పుడు ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, బాలానగర్ మండలం, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఏ మందూ కొట్టొద్దు. మీరు చంపుతున్నది పూత తినే పురుగుల్ని కాదు, పిందె కట్టించే పెంకుపురుగుల్ని.

సీతాఫలం పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నా ఒకేసారి పక్వానికి రావు. ముందు ఆడదశ: రేకుల కొసలు కొద్దిగా మాత్రమే విడి, లోపల పుప్పొడిని పట్టుకునే భాగం, అంటే కీలాగ్రం, జిగటగా మెరుస్తుంది. తర్వాత మగదశ: రేకులు బాగా విచ్చుకుని పుప్పొడి రాలుతుంది. అప్పటికి ఆ పువ్వు కీలాగ్రం ఎండిపోతుంది. కాబట్టి పుప్పొడి వేరే పువ్వు నుంచి రావాలి. సందు లేని ఆ రేకుల మధ్యకు తేనెటీగ దూరలేదు. పండు వాసన పట్టుకుని వచ్చే ఈ చిన్న పెంకుపురుగులే దూరతాయి. రామాఫలం, లక్ష్మణఫలం పూతదీ ఇదే తీరు.

కాయ వంకరకూ కారణం ఇదే. పుప్పొడి అందిన కన్ను గింజ కట్టి ఉబ్బుతుంది, అందని కన్ను కుంగిపోతుంది. ఒక వంకర కాయను కోసి చూడండి, కుంగిన వైపు గింజలు ఉండవు. కాయకు రంధ్రం, దాని దగ్గర పురుగు విసర్జన కనిపిస్తేనే కాయతొలుచు పురుగు అనుకోవాలి. పుప్పొడి అందని పువ్వుకు హార్మోన్ కొట్టడం డబ్బు దండగ.

ఏప్రిల్, మే పూత రాలితే బెంగపడకండి. ఆ ఎండకు, వడగాలికి కీలాగ్రం ఎండిపోతుంది. అసలు పంట తొలకరి తర్వాత పూతదే. మీ చుట్టుపక్కల గుట్టల మీది చెట్లకు ఎవరూ మందు కొట్టరు, అయినా కాస్తాయి. అక్కడ రాలిన ఆకు, కుళ్లిన పండు అలాగే ఉంటాయి, పెంకుపురుగులు అందులోనే పెరుగుతాయి. మీ తోటలో పాదులు ఊడ్చేసి, పైన విషం కొడుతున్నారు.

ఇప్పుడు చేయాల్సింది చేతి పరాగ సంపర్కం. తెల్లవారుజామున మగదశ పువ్వులు కోసి, కాగితం మీద దులిపి పుప్పొడి తీయండి. 2 లేదా 3 నంబరు మెత్తటి బ్రష్‌తో అద్దుకుని, ఆడదశ పువ్వు రేకుల్ని వేళ్లతో విడదీసి, కీలాగ్రం చుట్టూ రెండుసార్లు తిప్పండి. ఒక్క పక్కే తాకిస్తే మళ్లీ వంకర కాయే. ఉదయం 6 నుంచి 9 లోపు ముగించాలి, నిన్నటి పుప్పొడి పనికిరాదు. లావు కొమ్మల మీది పువ్వులకే చేయండి. ఈ వయసు చెట్టుకు 60 కాయలు చాలు. ఆగస్టు మధ్య తర్వాత పూతకు చేయొద్దు, ఆ కాయలు చలికి ముదరక నల్లగా రాయిలా మిగిలిపోతాయి.

వాన ఎడమైతే పాదులకు తేలికపాటి తడి ఇచ్చి, ఆకుతో కప్పండి. చెట్ల కింద అక్కడక్కడా కుళ్లిన అరటిపండ్లు పెడితే పెంకుపురుగులు చేరతాయి. సీతాఫలం కాయలు నిమ్మకాయంత కాగానే ఆ అరటిపండ్లను తీసి పాతిపెట్టాలి, లేకపోతే పండుఈగకు మేత అవుతాయి.

మీరు అడగలేదు గానీ, రెండుసార్లు ప్రొఫెనోఫాస్ పడిన తోటలో పిండినల్లిని తినే అక్షింతల పురుగులు కూడా చచ్చి ఉంటాయి. ఇక రసం పీల్చే ఆ తెల్లటి నల్లి రావచ్చు. అది చెట్టెక్కకుండా ఇప్పుడే కాండానికి అడుగు ఎత్తులో 30 సెం.మీ. వెడల్పు పాలిథిన్ పట్టీ బిగించి, కింది అంచుకు గ్రీజు రాయండి. నేలను తాకే కొమ్మలు తీసేయండి, నల్లిని మోసుకెళ్లే చీమల పుట్టలు తవ్వేయండి. నల్లి కనిపిస్తే, దానికి తెగులు తెచ్చే బూజు మందు వర్టిసిల్లియం లెకాని 5 గ్రాములు లీటరు నీటికి, జిగురు మందుతో కలిపి, గాలిలో తేమ ఉన్న సాయంత్రం పిచికారీ చేయండి. క్రిప్టోలీమస్ అనే రకం అక్షింతల పురుగులు దొరికితే చెట్టుకు 10 చొప్పున వదలండి. వదిలాక దుకాణం వాళ్లు ఏ డబ్బా చేతిలో పెట్టినా తోటలోకి తేవద్దు.